చౌక చిత్రములు, మారని వీరుడు

అమెరికా దేశపు కౌబాయి చిత్రములను గూర్చి వినని వారు మనలో అరుదు. వెడల్పాటి అంచు గల టోపీ, మెడకు కట్టిన రుమాలు, నడుమున తోలుపట్టెడ, దానికి వ్రేలాడు పిస్తోలు, ఎక్కుటకొక మేలుజాతి గుఱ్ఱము, ఇవి కుదిరినచో నాయకుడు సిద్ధమైనట్లే. ఈ తెగలో పెద్ద నటులతో, పెద్ద పెట్టుబడితో తీసిన మేటి చిత్రములు కొన్ని యున్నవి. మేమిచట ముచ్చటింపదలచినది వానిని గూర్చి కాదు. తక్కువ డబ్బుతో, ఒకటి రెండు వారములలో చిత్రీకరణ ముగించి, గంటసేపు ఆడునట్లు కూర్చి, ఏడాదికి అర డజను చొప్పున వదలిన చిన్న చిత్రములను గూర్చి. వానిలో కథ మారును, ఊరు మారును, దుర్మార్గుడు మారును. నాయకుడు మాత్రము మారడు. అదే పేరు, అవే దుస్తులు, అదే గుఱ్ఱము.

ఎక్కడి అమెరికా, ఎక్కడి నల్లమల? ఆ చిన్న చిత్రముల వృత్తాంతము మా ఆత్మకూరు వంటి ఊరి వారికేల యని అడుగవచ్చును. సినిమాలు ఒక సీమకు ఎట్టి పేరు తెచ్చి పెట్టగలవో, ఆ పేరు ఎంతకాలము ఆ సీమను విడువదో తెలిసికొనుటకు ఆ వృత్తాంతము కంటె మంచి పాఠము లేదు. అట్టి పేరు పడిన సీమలలో మనదియు నొకటి. కావున మొదటి నుండి చెప్పుదుము.

1903 లో అమెరికాలో ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ యను పది పండ్రెండు నిమిషముల మూకీ చిత్రము వెలువడెను. అందు చిన్న వేషములు వేసిన యాండర్సన్ అను నటుడు 1907 లో మరియొకరితో కలసి ఎస్సనే అను చిత్రసంస్థను నెలకొల్పెను. కొన్నేండ్లకు అతడు ‘బ్రాంకో బిల్లీ’ యను కౌబాయి పాత్రను తానే ధరించి, నూటికి పైగా చిట్టి చిత్రములు తీసెను. అంతకు ముందు జనులు బొమ్మ చూడ వచ్చెడివారు. ఇప్పుడు బిల్లీని చూడ వచ్చిరి. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, చిత్రవ్యాపారమున పెద్ద మార్పు దీని వలననే కలిగినది. క్రొత్త బొమ్మను అమ్ముటకు ప్రతిసారియు క్రొత్తగా ప్రచారము చేయవలెను. తెలిసిన మనిషిని అమ్ముటకు అతని ముఖము గల గోడపత్రిక యొక్కటి చాలును.

ఈ పద్ధతి పరిశ్రమగా స్థిరపడినది 1930 తరువాతి దశాబ్దమున. 1929 లో అమెరికాను ఆర్థిక మాంద్యము క్రమ్మినది. పని లేని వారు సినిమాకు పోవుట తగ్గించిరి. వారిని రప్పించుటకు హాళ్ళ యజమానులు ఒక టిక్కెట్టుపై రెండు చిత్రములు చూపుట మొదలిడిరి. మొదటిది పెద్ద చిత్రము. దాని వసూళ్ళలో నిర్మాతకు వాటా యుండెడిది. రెండవది చిన్న చిత్రము. దానికి ముందుగా కుదుర్చుకొన్న అద్దె మాత్రమే లభించెడిది. హాలు క్రిక్కిరిసినను అంతే, ఖాళీగా నున్నను అంతే.

ఈ లెక్కలోనే కౌబాయి చిత్రముల గుట్టంతయు నున్నది. రాబడి ముందే తెలిసిపోయినప్పుడు లాభము పొందుటకు మార్గమొక్కటే, ఖర్చు తగ్గించుట. అట్లని బొత్తిగా నాసి చిత్రము తీసినచో హాలు యజమాని తరువాతి చిత్రము తీసికొనడు. ఖర్చు తగ్గవలెను, ప్రేక్షకుని నమ్మకము తగ్గరాదు. ఈ రెండింటికిని మందు ఒకే నాయకుని పదేపదే చూపుట. 1935 లో వెలసిన రిపబ్లిక్ సంస్థ, మోనోగ్రామ్ వంటి చిన్న సంస్థలు ఈ మందును నేర్పుతో వాడినవి. ఒకసారి కట్టిన వీధి సెట్టు పది చిత్రములకు పనికివచ్చెడిది. నాయకుని దుస్తులు మారవు కావున, పాత చిత్రమున అతడు గుఱ్ఱముపై దౌడు తీసిన ముక్కను క్రొత్త చిత్రమున అతికినను ప్రేక్షకుడు పట్టలేడు. కొలంబియా సంస్థవారి ‘డురాంగో కిడ్’ చిత్రములలో నాయకుడు నల్లని గుడ్డతో ముఖము కప్పుకొనును. అది కథకు అలంకారము, నిర్మాతకు పొదుపు. ముసుగు వెనుక దూకువాడు చార్లెస్ స్టారెట్టో, అతనికి బదులు వచ్చిన స్టంటు మనిషియో ఎవరికి తెలియును? ఈ వరుస చిత్రములు 1945 నుండి 1952 వరకు ఏటేట వెలువడుచునే యుండెను.

ఇది నిర్మాత వైపు లెక్క. ప్రేక్షకుని వైపు లెక్క వేరు. రోజు కూలితో బ్రదుకు మనిషి, బడికి పోవు పిల్లవాడు, తన కొద్ది డబ్బును చెల్లించి లోనికి పోవునప్పుడు మోసపోరాదని కోరుకొనును. తెలిసిన నాయకుని చిత్రము ఆ భరోసాను ఇచ్చెడిది. హోపలాంగ్ కాసిడీ యను పాత్రను విలియం బోయిడ్ 1935 నుండి 1948 వరకు 66 చిత్రములలో ధరించెను. క్లారెన్స్ మల్ఫర్డ్ వ్రాసిన కథలలో ఆ కాసిడీ మోటు మనిషి, నోటి దురుసు కలవాడు. బోయిడ్ అతనిని మద్యము ముట్టనివాడుగా, పిల్లల పట్ల దయ గలవాడుగా, మాట తప్పనివాడుగా మార్చెను. మంచివాడు తెల్లని టోపీ పెట్టును, చెడ్డవాడు నల్లని టోపీ పెట్టును అను వాడుక మాట కలదు గదా, ఈ కాసిడీ మాత్రము నిలువెల్ల నల్లని దుస్తులు ధరించి తెల్లని గుఱ్ఱమెక్కి తిరిగెడివాడు. తల్లిదండ్రులు తమ పిల్లలను నిశ్చింతగా పంపగల చిత్రములని వీనికి పేరు వచ్చెను.

రేడియో గల ఇండ్లవారికి ఇచట ఒక ముచ్చట. ఈ వీరులలో ప్రసిద్ధులు కొందరు వెండితెరపై గాక రేడియోలో పుట్టిరి. జీన్ ఆట్రీ మొదట షికాగో రేడియో కేంద్రమున పాటలు పాడి పేరు పొందిన గాయకుడు. 1935 నుండి అతడు చిత్రములలో నాయకుడైనాడు. పాడుచు గుఱ్ఱమెక్కు కౌబాయి అట్లు అవతరించెను. 1940 నుండి 1956 వరకు ‘మెలడీ రాంచ్’ అను అతని రేడియో కార్యక్రమము సాగినది. ‘లోన్ రేంజర్’ అను ముసుగు వీరుడు 1933 లో డెట్రాయిట్ నగరపు రేడియో కేంద్రమున నాటకముగా మొదలై, 1938 లో గాని రిపబ్లిక్ వారి సీరియల్‌గా తెరకెక్కలేదు. కొబ్బరి చిప్పలను తాకించి గుఱ్ఱపు డెక్కల చప్పుడు పుట్టించుట ఆనాటి రేడియో నాటకములలో సామాన్యమైన ఉపాయము. చెవితో విన్న వీరుని తరువాత కంటితో చూచుటకు జనులు హాళ్ళకు తరలిరి. మన ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రము విని, ఆ చిత్రము ఊరికి వచ్చుదాక ఎదురుచూచిన వారికి ఈ సంగతి వింతగా తోచదు.

ఈ చిత్రములకు కాలము చెల్లినది టెలివిజను వలన. 1949 లో కాసిడీ చిత్రములు టెలివిజనుకెక్కెను. బోయిడ్ వాని హక్కులను ముందుగా కొని యుంచుకొన్నందున ధనవంతుడైనాడు. ఇంటిలో ఉచితముగా దొరకుదానిని హాలులో డబ్బిచ్చి చూచువారెవరు? 1954 నాటికి హాళ్ళ కొఱకు తీయు చౌక కౌబాయి వరుసలు ముగిసిపోయినవి.

ఇక తెలుగునాటికి వత్తము. మనకు అట్టి చౌక చిత్రములు, అట్టి మారని వీరుడు లేకపోలేదు. కాని అతని చేతనున్నది పిస్తోలు కాదు, కత్తి. 1950 తరువాతి కాలమున జానపద చిత్రములు తెలుగు పల్లెలను ఉఱ్ఱూతలూపినవి. వానిలో బి. విఠలాచార్య తీసినవి పొదుపునకు పెట్టినది పేరు. అవే కోటగోడలు, అవే గుహలు, అవే సింహాసనములు. కాల్షీటుకు రాని నటుని పాత్రను మంత్రముతో చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపించెడివాడని ఆయనను గూర్చి చిత్రసీమలో నేటికిని చెప్పుకొందురు. మాటలోని నిజానిజము లెట్లున్నను, రిపబ్లిక్ సంస్థవారు వినినచో మెచ్చుకొనదగిన ఉపాయమే. ‘జయవిజయ’ (1959), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) వంటి చిత్రములలో నాయకుడు కాంతారావు. జనులు ఆయనకు ‘కత్తి కాంతారావు’ అని పేరు పెట్టుకొనిరి. రాజకుమారుడైనను, బందిపోటైనను, గురుకుల శిష్యుడైనను, చూచువారికి అతడు కత్తి కాంతారావే. ఆనాటి టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొని ఇసుకపై కూర్చున్నవాడు ఆ పేరును నమ్మియే వచ్చెడివాడు.

కాబట్టి 1971 లో తెలుగు కౌబాయి గుఱ్ఱమెక్కి వచ్చునప్పటికి, అతనికి కావలసిన పీఠము సిద్ధముగానే యుండెను. ఇంతలో ప్రపంచమున మరియొక మార్పు జరిగినది. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1964, 1965, 1966 సంవత్సరములలో వరుసగా మూడు కౌబాయి చిత్రములు తీసెను. వానిలోని మైదానములు చాలవఱకు స్పెయిన్ దేశపు ఎండు భూములు. నాయకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. అతడు కాసిడీ వలె సాధువు కాడు, మాటలాడుట తక్కువ, ధనము కొఱకు పోరువాడు. 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’ చిత్రము మన దేశపు నగరములలో విశేషముగా ఆడినది. ఈ గాలి మదరాసునకును సోకినది.

పద్మాలయా సంస్థవారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971 ఆగస్టు 27 న విడుదలయ్యెను. నాయకుడు కృష్ణ, నాయిక విజయనిర్మల. రచన ఆరుద్రది, దర్శకత్వము కె.ఎస్.ఆర్. దాసుది, ఛాయాగ్రహణము వి.ఎస్.ఆర్. స్వామిది, సంగీతము ఆదినారాయణరావుది. భారతదేశమున పూర్తిస్థాయి కౌబాయి చిత్రములలో ఇదియే మొదటిదని ప్రసిద్ధి. ‘ట్రెజర్ హంట్’ అను పేరుతో ఆంగ్లమునకు మార్చి విదేశములలో కూడ ప్రదర్శించిరి. కథకు మూలము నిధి వేట. నిధి, దానికై పోటీపడు దొంగలు, నమ్మించి మోసగించుట, వేషము మార్చుట, ఇవన్నియు మన జానపద చిత్రములలో నలిగిన సరకే. కత్తి పోయి పిస్తోలు వచ్చెను, తలపాగా పోయి టోపీ వచ్చెను, పాటలు మాత్రము ఉండనే యుండెను. తెలుగు ప్రేక్షకుడు ఈ క్రొత్తవానిని ఒక్కరోజులో అక్కున చేర్చుకొనుటకు కారణ మిదియే. టోపీ క్రింద నున్నవాడు తనకు పాత చుట్టమని అతడు గుర్తించెను.

తెలుగు పద్ధతిలో ఒక విశేషము గమనింపదగినది. అమెరికాలో పాత్ర పేరు మారకుండ చిత్రములు వరుసగా వచ్చెడివి. మన వద్ద పాత్ర పేరు ప్రతిసారియు మారును, నటుడు మారడు. నటుడు మారవలసి వచ్చినను, ఆ స్థానమునకు వారసుడు వచ్చును. 1990 లో చిరంజీవి ‘కొదమసింహం’ చిత్రమున కౌబాయి వేషము ధరించెను. 2002 లో ‘టక్కరి దొంగ’ చిత్రమున కృష్ణ కుమారుడు మహేశ్‌బాబు తండ్రి టోపీని తాను పెట్టెను. అందు కృష్ణయు కొలది నిమిషములు కనుపించెను. కృష్ణ 2022 నవంబరులో మరణించెను. మరుసటి ఏట మే 31 న, ఆయన పుట్టినరోజున, ‘మోసగాళ్ళకు మోసగాడు’ తిరిగి హాళ్ళలో ప్రదర్శితమయ్యెను. ఏబది యేండ్లు దాటిన చిత్రమునకు ఈలలు వేసినవారిలో తొలి విడుదల నాటికి పుట్టనివారే ఎక్కువ.

ఇంతవఱకు వీరుని మాట. ఇక సీమ మాట. ఎడారి దృశ్యముల కొఱకు 1971 లో ఆ చిత్రబృందము రాజస్థానమునకు పోయెను. ఇసుక తిన్నెలు కావలెనన్నచో అచటికే పోవలెను, నిజమే. కాని కౌబాయి చిత్రములలో ఇసుక కంటె బండలు ఎక్కువ. ఓర్వకల్లు బండలు, గండికోట లోయ, నల్లమల కనుమలు అప్పటికిని మన సీమలోనే యున్నవి. తెలుగు చిత్రసీమకు అప్పట్లో ఈ సీమ కంటికానలేదు. 1969 లో ‘గండికోట రహస్యం’ అని చిత్రము వచ్చెను గాని, అందలిది జానపద కల్పన. కడప మండలమున పెన్నానది యొడ్డున నున్న గండికోటకు ఆ కథతో సంబంధము లేదు. సినిమాకు మన సీమ పేరు మాత్రమే చాలినది.

ఇది అమెరికాలో జరిగిన దానికి ప్రతిబింబమే. కాలిఫోర్నియాలో లోన్‌పైన్ అను ఊరు కలదు. దాని ప్రక్కన అలబామా కొండలని పేరు గల బండల గుట్టలున్నవి. కాసిడీ చిత్రములనేకము అచటనే తీయబడినవి. ఆ బండల చాటున తెరపై జరిగినదంతయు దొంగల వేట, గుఱ్ఱపు దౌడు. ఆ లోయలో నిజముగా జరిగిన పోరాటము నీటిని గూర్చినది. లోయ పేరు ఓవెన్స్. 1913 లో లాస్ ఏంజిలిస్ నగరము వందల మైళ్ళ పొడవున కాలువ త్రవ్వి ఆ లోయ నీటిని తనకు తరలించుకొనిపోయెను. రైతుల పొలములు ఎండెను. 1924 నవంబరులో రైతులు అలబామా కొండల చెంతనున్న కాలువ తూములను పట్టుకొని, నీటిని తిరిగి లోయలోనికి వదలి, నాలుగు దినములు కదలక కూర్చుండిరి. ఆ సమయమున దాపుననే చిత్రీకరణ సాగించుచున్న కౌబాయి నటుడు టామ్ మిక్స్ తన వాద్యబృందమును వారి కడకు పంపెనట. కథానాయకుడు కథకు అంత చేరువలో నుండెను. అయినను వారము వారము తరలి వచ్చిన చౌక చిత్రములలో ఆ లోయ దొంగలు తిరుగు బంజరుగానే మిగిలినది.

అసలు కౌబాయి యెవరు? 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము ముగిసిన తరువాత, ఇరువది యేండ్ల పాటు టెక్సస్ నుండి ఉత్తరమున నున్న రైలు స్టేషన్లకు పశువుల మందలను తోలుకొనిపోయిన కూలివాడు. వారిలో నల్లజాతివారు, మెక్సికో వారు గణనీయముగా నుండిరి. కూలి చాలక 1883 లో టెక్సస్ కౌబాయిలు సమ్మె కట్టిరి, ఓడిపోయిరి. 1874 తరువాత ముళ్ళకంచెలు వ్యాపించి, రైలు దారులు పెరిగి, వారి వృత్తియే అంతరించెను. తెరపై కౌబాయి సమ్మె చేయడు, మంద తోలడు, అతని రంగు తెలుపు. ఇక ఆ నేలకు మొదటి హక్కుదారులైన ఆదిమజాతులవారు తెరపై అరచుచు వచ్చి గుండు తగిలి పడిపోవుటకే పనికివచ్చిరి. ఇతరుల జాతిని, మతమును ద్వేషింపరాదని జీన్ ఆట్రీ తన కౌబాయి ధర్మములలో చేర్చెను. మంచి మాటయే. ఆ ధర్మము చిత్రముల కథలలోనికి మాత్రము అంతగా దిగలేదు.

ఇప్పుడు మన సీమ వైపు చూతము. 1999 లో ‘సమరసింహారెడ్డి’, 2001 లో ‘నరసింహనాయుడు’, 2002 లో ‘ఇంద్ర’ ఘనవిజయములు పొందినవి. వీనిని ఫ్యాక్షను చిత్రములందురు. ఇవి చౌక చిత్రములు కావు. కాని పద్ధతి పాతదే. మారని వీరుడు, మారని పగ, మారని నేల. గుఱ్ఱము బదులు సుమోలు వచ్చెను, పిస్తోలు బదులు వేటకొడవళ్ళు వచ్చెను. అప్పటి వరకు రాజస్థానమున వెదకిన ‘చట్టము లేని సీమ’ తెలుగు చిత్రసీమకు కర్నూలు, కడప జిల్లాలలో దొరకినది. 2003 నాటి ‘ఒక్కడు’ చిత్రముతో కర్నూలు కొండారెడ్డి బురుజు తెలుగువారందరికి తెలిసినది. ఏ సందర్భమున తెలిసినదో కూడ అందరికి తెలియును.

ఫ్యాక్షను అబద్ధమని మేమనుట లేదు. అది నిజము. దాని వలన కుటుంబములు కూలిపోయినవి, ఊళ్ళు పాడుపడినవి, భర్తలను బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీలు నేటికిని ఉన్నారు. కాని అది ఈ సీమలో ఒక భాగము. మిగిలినదంతయు చిత్రము చట్రమునకు వెలుపల నిలిచిపోయినది. వానలు కురియని ఏడులు, ఎండిన బోర్లు, బ్రదుకుతెరువు వెదకుచు వలసపోయిన కాపువారు తెరపై అరుదు. నీటి మాట మరియు అరుదు. 1937 నవంబరు 16 న మదరాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా తుంగభద్రల జలములలో రాయలసీమకు ప్రాధాన్యము నొప్పుకొనెను. మా ఆత్మకూరునకు దాపుననే, 1981 ప్రాంతమున, శ్రీశైలము జలాశయమున ఊళ్ళకు ఊళ్ళు మునిగినవి. సప్తనదుల సంగమేశ్వరాలయము నేటికిని వేసవిలో నీరు తగ్గిననే వెలికి వచ్చును. నల్లమలలో బైర్లూటి వంటి గూడెములలో చెంచువారున్నారు. అడవి వారి ఇల్లు, దానిని దాటి పోవు దారి మనది. ఓవెన్స్ లోయ రైతుల కథకు ఇంతకంటె దగ్గరి చుట్టమేది? ఆ కథను తీయుటకు ఒక గుఱ్ఱమైనను అక్కఱ లేదు.

పేరు పెట్టుట చిన్న విషయము కాదని ఈ సీమవారికి వెనుకటి అనుభవము కలదు. 1800 లో నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. అది మొదలు వీనికి దత్తమండలములని పేరు. ఒకరు మరియొకరికి అప్పగించిన నేల యని చాటు ఆ పేరు ఇచటివారికి రుచింపలేదు. 1928 లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ యను పేరు ప్రతిపాదించిరి. సభ అంగీకరించెను. ఇతరులు పెట్టిన పేరును తీసివేసి తమ పేరు తాము పెట్టుకొన్న జనులు, సినిమా పెట్టిన పేరును మాత్రము ఎందులకు మోయవలెను? పట్టణమునకు చదువుకొన బోయిన మన పిల్లవానిని, ఊరు పేరు చెప్పగనే, ‘అచట బాంబులు వేయుదురట గదా’ యని అడుగుదురు. ఆ ప్రశ్న నవ్వులాటగానే అడుగబడును. జవాబు చెప్పువానికి మాత్రము అది నవ్వులాట కాదు.

దీనికి విరుగుడును సినిమాయే చూపినది. అమెరికా హాస్యనటుడు బస్టర్ కీటన్ 1923 లో ‘అవర్ హాస్పిటాలిటీ’ యను మూకీ చిత్రమున రెండు కుటుంబముల పగను పరిహసించెను. ఇంటిలో అతిథిగా నున్నంతసేపు శత్రువును చంపరాదు, గడప దాటినచో చంపవచ్చును, అదియే అందలి చిక్కు. ఆ చిక్కునే రాజమౌళి 2010 లో ‘మర్యాద రామన్న’ గా రాయలసీమకు తెచ్చెను. అందు నాయకుడు కొడవలి పట్టడు, ప్రాణము దక్కించుకొనుటకు పాట్లు పడును. పగ ఎంత వెర్రిదో నవ్వుచునే తెలియును. 2018 లో ‘అరవింద సమేత’ చిత్రము పోరు గెలుచుట కంటె పోరు నాపుట గొప్పయని చెప్ప యత్నించినది, స్త్రీల దుఃఖమును ముందుకు తెచ్చినది, సీమ యాసను వెక్కిరింతకు గాక మాటకు వాడినది.

మన సొంత కౌబాయి కథ కూడ మనకు లేకపోలేదు. కాటమరాజు కథను గొల్లలు తరతరములుగా పాడుచున్నారు. మేత దొరకక మందలను తోలుకొని నెల్లూరు సీమకు పోయిన పశుపాలకుడు కాటమరాజు. అచటి పాలకుడు నల్లసిద్ధి పుల్లరి యడిగెను, ఒడంబడిక చెడెను, యుద్ధము జరిగెను, నెల్లూరు పక్షమున ఖడ్గతిక్కన నేలకొరిగెను. ఇది పదమూడవ శతాబ్దపు మాట. కరవు, మంద, మేతబీడు, పన్ను, ఆత్మగౌరవము, ఇన్నియు నందున్నవి. అమెరికా కౌబాయి పుట్టుటకు ఆరువందల యేండ్ల ముందే మన పశులకాపరి వీరుడైనాడు. అతని కథలో నేల బొమ్మలోని తెరగుడ్డ కాదు, పోరాటమునకు అదియే కారణము.

చౌక చిత్రములను చిన్నచూపు చూడవలదని మా మనవి. నేల టిక్కెట్టు కొన్నవానికి అవి ఇచ్చిన ఉల్లాసము నిజమైనది. కాసిడీ, కత్తి కాంతారావు, టోపీ పెట్టిన కృష్ణ, వీరందరు ప్రేక్షకునికి ఇచ్చిన మాట నిలుపుకొన్నవారే. మన పిల్లలు వారిని చూచి ఈల వేసినను తప్పు లేదు. ఇంటికి వచ్చిన తరువాత వారికొక ప్రశ్న వేయవలెను. ఆ చిత్రములోని ఊరిలో జనులేమి తిని బ్రదుకుచున్నారు, నీరెచటి నుండి తెచ్చుకొనుచున్నారు, అని. పిల్లలు జవాబు చెప్పలేనిచో, ఆ లోటు పిల్లలది కాదు. మన ఊరి చెరువును, కాలువను, అడవిని గూర్చి పెద్దలు ఇంటిలో చెప్పుకొను ముచ్చటలు ఆ లోటును కొంత పూడ్చగలవు.